నాన్న జాబితాలో లేని హోటల్

బెంగళూరు రామమూర్తి నగర్ నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. రాసినావిడకు 44 ఏళ్లు, ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. వాళ్ల నాన్నగారికి 76. ఆయన 1971లో హిందూపురం నుంచి వచ్చి, టెలిఫోన్లు తయారుచేసే ఐటీఐ ఫ్యాక్టరీలో చేరి, అక్కడే రిటైరయ్యారు. జీతాలిచ్చాక వచ్చే మొదటి ఆదివారం భార్యాపిల్లల్ని వెంటబెట్టుకుని బస్సులో ఏదో ఒక హోటల్‌కి వెళ్లి టిఫిన్ చేసి రావడం ఆ ఇంటి ఆనవాయితీ. అమ్మ పోయి రెండేళ్లయింది. అప్పట్నుంచి నాన్న కూతురి దగ్గరే ఉంటున్నారు. షుగర్ వచ్చి 18 ఏళ్లు, బీపీ కూడా ఉంది.

ఆరు నెలల కిందట ఆయన క్యాలెండర్ కాగితం వెనకవైపు ఆరు పేర్లు రాసి కూతురి చేతిలో పెట్టారు. లాల్‌బాగ్ రోడ్డు ఎమ్‌టీఆర్‌లో రవ్వ ఇడ్లీ, గాంధీబజార్ విద్యార్థి భవన్‌లో మసాలా దోసె, మల్లేశ్వరం సీటీఆర్‌లో బెణ్ణె (వెన్న) దోసె, శంకరపురం బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌లో ఇడ్లీ చట్నీ, సంపిగె రోడ్డు న్యూ కృష్ణ భవన్, ఎం.జి. రోడ్డు ఇండియా కాఫీ హౌస్. "ఇవి ఒక్క చుట్టు తిరిగొస్తే చాలమ్మా" అన్నారట. ఆవిడ సంబరంగానే బయల్దేరారు.

ఎక్కడికెళ్లినా రెండు ముద్దలు తిని, "ఇది అది కాదు" అని చేయి తీసేస్తారు. న్యూ కృష్ణ భవన్ మూతపడిందని తెలియక వెళ్లి, దించిన షట్టర్ ముందు పది నిమిషాలు నిలబడ్డారు. ప్రతిచోటా అలవాటుగా "బైటూ కాఫీ" అంటారు. రెండు సగం గ్లాసులు వస్తాయి. ఒకటి తాగుతారు, రెండోది అలాగే చల్లారిపోతుంది. కూతురు కాఫీ తాగరు.

నెల కిందటి ఆదివారం మాత్రం పెద్ద గొడవైంది. (ఆ హోటల్ పేరు నేనే తీసేశాను.) ఏడింటికి మాత్ర వేసుకుని బయల్దేరారు. మెట్రో, ఆటో, తర్వాత వరస. కూర్చోవడానికి చోటు దొరికేసరికి తొమ్మిదీ ఇరవై. అప్పటికే చొక్కా చెమటతో తడిసిపోయింది. దోసె రాగానే "ఇది దోసెనా, అట్టముక్కనా" అని అరిచి ప్లేటు తోసేశారు. సర్వర్ కుర్రాడు బిత్తరపోయాడు, హాలంతా ఇటే చూసింది. కూతురు డబ్బులిచ్చి బయటికి లాక్కొచ్చారు. పక్కన జ్యూస్ కొట్లో మోసంబి రసం తాగించాక, పావుగంటకు ఏమీ జరగనట్టే మాట్లాడారు. ఆవిడకు ఆ మామూలు మాటలే ఎక్కువ కోపం తెప్పించాయట.

అమెరికాలో ఉన్న అన్నయ్య ఫోన్లో "నువ్వే నాన్న ప్రాణం మీదికి తెస్తున్నావ్, హోటళ్లు బంద్, కావాలంటే స్విగ్గీలో తెప్పించు" అన్నాడు. ఇంట్లో ఆయన ప్రతి కూరలోనూ ఉప్పు కలుపుకుంటున్నారు. ఒకరోజు స్టవ్ మీద పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మినా, పక్క గదిలో పేపరు చదువుకుంటూ కూర్చున్నారు. "ఇల్లు తగలబడినా పట్టదు, దోసె మాత్రం కావాలి" అని ఆవిడ రాశారు. పోయిన వారం ఆయన చొక్కా జేబులో ఒక హోటల్ బిల్లు దొరికింది. ఎవరికీ చెప్పకుండా ఒక్కరే వెళ్లొచ్చారు. తీసుకెళ్లాలా, ఆపాలా అన్నది ప్రశ్న. చివర్న ఇంకో వాక్యం: "అమ్మకి ప్రాణమైన రెసిడెన్సీ రోడ్డు ఆంధ్రా భోజన హోటల్ నాగార్జున మాత్రం ఆయన రాయలేదు, అదొక్కటీ మేలు, ఆ కారం ఇప్పుడాయనకు పడదు."

*

అమ్మా, మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు మొండి పెద్దాయన, అలసిపోయిన కూతురు కనిపించారు. రెండోసారి చదివినప్పుడు మీరు పక్కకి నెట్టేసిన రెండు సంగతుల దగ్గర ఆగిపోయాను. ఒకటి తడిసిన చొక్కా, రెండోది మాడిన పాలు. తీసుకెళ్లాలా వద్దా అన్నది ఆ రెండూ తేలాక చూద్దాం.

ముందు ఆ ఆదివారం. మీరు రాసిన మందుల్లో మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర ఉంది. గ్లిమెపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. కడుపులో తిండి పడ్డా పడకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. అందుకే దాన్ని టిఫిన్‌కి కాస్త ముందో, టిఫిన్‌తోపాటో వేసుకోమంటారు. నాన్నగారు ఏడింటికి వేసుకున్నారు, తొమ్మిదీ ఇరవై దాకా ఏమీ తినలేదు, పైగా నిలబడ్డారు. షుగర్ పడిపోతే చెమట, వణుకు, చీటికీ మాటికీ కోపం, తికమక వస్తాయి. వాటిలో చెమట, కోపం మీరు చెప్పిన దృశ్యంలో ఉన్నాయి. తీపి రసం కడుపులో పడ్డ పావుగంటకు మామూలు మనిషయ్యారన్నారు చూడండి, నా అనుమానం అక్కడ గట్టిపడింది. ఆ పూట గ్లూకోమీటర్ దగ్గర లేదు కాబట్టి అదేనని నేను తేల్చలేను, డాక్టర్నీ కాను. కానీ ఆ రోజు అరిచింది మీ నాన్న స్వభావమని మీరు అనుకుంటున్నారే, ఆ తీర్పు మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఏమీ జరగనట్టు మాట్లాడటం కూడా పొగరై ఉండకపోవచ్చు. షుగర్ బాగా పడిపోయినప్పుడు జరిగింది కొందరికి సరిగా గుర్తుండదు.

ఈ వారమే ఆయన డాక్టరుకు ఈ కథంతా టైములతో సహా చెప్పండి. బయట టిఫిన్ చేసే రోజు మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, కూర్చుని ఆర్డరిచ్చాక వేసుకోవచ్చా అని ఆయన్నే అడగండి. మీ అంతట మీరు వేళలు మార్చకండి. సంచిలో గ్లూకోమీటర్, ఒక చిన్న డబ్బాలో చక్కెర పెట్టుకోండి. రీడింగ్ 70 కన్నా తక్కువ వస్తే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటాగి మళ్లీ చూడాలి. అలాంటప్పుడు దోసె వచ్చేస్తుందిలే అని ఆగకూడదు. నూనె, వెన్న ఉన్న తిండి నుంచి చక్కెర రక్తంలోకి చేరడానికి టైము పడుతుంది.

ఇప్పుడు ఆయన ఒక్కరే వెళ్లొచ్చారన్న మాట మళ్లీ తలుచుకోండి. అదే మాత్ర, అదే వరస, పక్కన మనిషి లేడు. మీ అన్నయ్య చెప్పినట్టు బంద్ పెడితే జరిగేది ఇదే. పెట్టకముందే జరిగింది కూడా.

ఇక పాలు. మా చిన్నాన్న జయనగర్‌లో ఉండేవాడు. పిన్ని చేసే పులుసులో రుచి లేదని ఏడాదిపాటు రోజూ సణిగాడు. ఆవిడ చింతపండు మార్చింది, పొడి మార్చింది, చివరికి వంటంటేనే విసుగు తెచ్చుకుంది. ఒక మధ్యాహ్నం ఆవిడ గుడికి వెళ్లినప్పుడు గ్యాస్ లీకైంది. ఎదురింటివాళ్లు వాసన పట్టి తలుపు బాదితే, చిన్నాన్న వంటింటి పక్క గదిలోంచి ఏమైందంటూ బయటికొచ్చాడు. ఆయన ముక్కు పనిచేయడం లేదని ఇంటిల్లిపాదికీ ఆ రోజు తెలిసింది. పిన్ని ఆ రాత్రి ఏడ్చింది. ప్రాణాపాయం తప్పిందని ఎంత ఏడ్చిందో, ఏడాదిపాటు పడ్డ మాటలకూ అంతే ఏడ్చింది.

నాలుకకు దానంతటదిగా తెలిసేవి కొన్నే. ఉప్పు, పులుపు, తీపి, చేదు, ఉడికిన పప్పులోనూ టమాటాలోనూ ఉండే కమ్మదనం. కారం అసలు రుచే కాదు, ఒక రకం మంట. మిగిలినదంతా, అంటే కాల్చిన దోసె వాసన, ఇంగువ, కరివేపాకు, కాఫీ డికాక్షన్, కాగిన నెయ్యి, ఇవన్నీ నమిలేటప్పుడు గొంతు వెనకనుంచి ముక్కులోకి వెళ్లి తెలిసేవి. హోటల్ క్యాష్ కౌంటర్ దగ్గర పెట్టే సోంపు ఉంటుంది కదా, కొంచెం తీసుకుని ముక్కు గట్టిగా మూసుకుని నమలండి. కాస్త తియ్యగా, పొట్టు నమిలినట్టు ఉంటుంది, అంతే. ముక్కు వదలండి. అప్పుడు సోంపు సోంపవుతుంది.

వయసు పైబడ్డాక వాసన తగ్గడం చాలామందిలో ఉంది, మెల్లగా తగ్గుతుంది కాబట్టి తమకు తెలియదు. కూరలో ఏదో తక్కువైందనిపించి ఉప్పు కలుపుకుంటారు. వాళ్ల లెక్కలో మారింది వంట. కొందరికి మెట్‌ఫార్మిన్ వల్ల నోట్లో లోహపు రుచి కూడా తగులుతుంది. కట్టుడు పళ్లుంటే అదొకటి. ఇంట్లోనే మొదట చూసుకోండి. ఆయన్ని కళ్లు మూసుకోమని కాఫీ పొడి డబ్బా, ఒలిచిన నారింజ తొక్క, నలిపిన కరివేపాకు ఒకదాని తర్వాత ఒకటి ముక్కు దగ్గర పెట్టి ఏమిటో చెప్పమనండి. పరీక్ష పెట్టినట్టు కాకుండా, పిల్లల్ని కూడా కూర్చోబెట్టి ఆటలా చేయండి. తడబడితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. జలుబు, సైనస్, కోవిడ్ తర్వాత మిగిలిన ఇబ్బంది లాంటి మామూలు కారణాలు ఉండొచ్చు. అరుదుగా నరాల జబ్బులకు అది ముందు సూచన అవుతుంది కాబట్టి చూపించడం మానకండి. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి వాసనల్ని రోజుకు రెండుసార్లు, కొన్ని నెలలపాటు శ్రద్ధగా పీల్చే సాధన ఒకటి ఉంది. కొందరికి కొంత తిరిగి వస్తుంది. అందరికీ వస్తుందని ఆశపెట్టను. ఈలోగా ఇంట్లో గ్యాస్ లీక్ అలారం పెట్టించండి.

ఇంతా చెప్పి, తప్పంతా ఆయన ముక్కుదేనంటే ఆయనకు అన్యాయం చేసినవాణ్నవుతాను. ఊరు మారిన మాట నిజం. ఇండియా కాఫీ హౌస్ ఎం.జి. రోడ్డు వదిలి 2009లో చర్చ్ స్ట్రీట్‌కి వెళ్లింది. ఆయన కాగితం మీద ఇంకా ఎం.జి. రోడ్డే ఉంది. న్యూ కృష్ణ భవన్ 1954 నుంచి నడిచి 2024 డిసెంబరులో ఆగిపోయింది. డెబ్బై ఏళ్ల హోటల్ ముందు పది నిమిషాలు నిలబడటం ఎక్కువేం కాదు. ఎమ్‌టీఆర్ సంగతి తీసుకోండి. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యానికి కటకట వచ్చినప్పుడు రవ్వతో ఇడ్లీ చేసి చూశారని, రవ్వ ఇడ్లీ అలా పుట్టిందని అక్కడివాళ్లు చెబుతారు. నాన్నగారు బెంగళూరు వచ్చిన నాలుగేళ్లకు ఎమర్జెన్సీ వచ్చింది. ధరలు బలవంతంగా తగ్గించమంటే, ఆ ధరకు ఆ నాణ్యత ఇవ్వలేమని వాళ్లు హోటల్ మూసుకున్నారు. పొడులు, మిక్సుల వ్యాపారంలోకి దిగింది ఆ రోజుల్లోనే. మీ అమ్మానాన్నలకు ఆ ఏడాదే పెళ్లయిందని రాశారు. కొత్త పెళ్లాన్ని ఎమ్‌టీఆర్‌కి తీసుకెళ్దామనుకుంటే మూసి ఉందా, ఎప్పుడు తెరిచారు, తెరిచాక మొదటిసారి ఎప్పుడు వెళ్లారు? ఈ మాటలు ఆయన్ని అడిగి చూడండి. "అది" అని ఆయన అంటున్నది ఏ ఏడాది ఇడ్లీనో మీకూ తెలుస్తుంది. అడగడానికి ప్లేటు ముందు కూర్చోనక్కర్లేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

పూర్తిగా ఆపేయడం ఒకటి. అన్నయ్యకు నిశ్చింత, మీకు ఆదివారం విశ్రాంతి. కానీ ఆయన కాళ్లలో సత్తువ ఉంది, చేతిలో మెట్రో కార్డు ఉంది. దొంగచాటుగా వెళ్లే మనిషి ఇంట్లో నిజం చెప్పడు, తిన్నది చెప్పడు, షుగర్ పరీక్ష ముందురోజు ఉపవాసం ఉంటాడు. డాక్టరు ఆ లెక్క చూసి మందు రాస్తాడు. నాకు ఈ దారి భయం.

స్విగ్గీ దారి సులువే, ఇడ్లీకీ కేసరిబాత్‌కీ పనికొస్తుంది కూడా. దోసెకు మాత్రం వద్దు. పెనం మీద కరకరలాడిన దోసె మూతపెట్టిన డబ్బాలో తన ఆవిరిలో తానే నాని, పావుగంటలో మెత్తబడుతుంది. ముక్కు మందగించిన మనిషికి మిగిలిన సుఖాల్లో పెద్దది ఆ కరకర. డబ్బాలో పోయేది సరిగ్గా అదే.

ఆయన ఇష్టానికి వదిలేయడం ఇంకొకటి. 76 ఏళ్ల మనిషి, ఏం తినాలో ఆయన ఇష్టమేనని మీ భర్త అన్నారని రాశారు. ఆ మాటలో గౌరవం ఉంది. మాత్ర సంగతి తేలేవరకూ మాత్రం నేను దానికి ఒప్పుకోను. తేలాక, జేబులో చక్కెర, మీ నంబరు రాసిన చీటీ పెట్టుకుని అప్పుడప్పుడూ ఒంటరిగా వెళ్తానంటే వెళ్లనివ్వడం మంచిదే. అన్నిచోట్లకూ కూతురి వెంట వెళ్లాలంటే ఆయనకూ కష్టమే. ఎక్కడికెళ్తున్నదీ చెప్పి వెళ్తే చాలని ఒప్పందం చేసుకోండి. తిన్నది చెప్పినప్పుడు కేకలేయనని మీరూ మాటివ్వాలి. ఈ రెండో సగం నిలబెట్టుకోవడమే కష్టం.

మీరే తీసుకెళ్లాలనుకుంటే ఆదివారం మానేయండి. నెలకో శనివారమో, సెలవు పెట్టగలిగితే మంగళ, బుధవారాలో, పొద్దున ఏడింటికల్లా హోటల్ ముందు ఉండేట్టు. (విద్యార్థి భవన్‌కు శుక్రవారం సెలవు, అది గుర్తుంచుకోండి.) కె.ఆర్. పురలో పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారితే నేషనల్ కాలేజ్ స్టేషన్‌లో దిగొచ్చు. గాంధీబజార్ నుంచి తిరిగి స్టేషన్‌కు నడిచే నడక ఆయన షుగర్‌కి మంచిది. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే చక్కెర అంతగా ఎగబాకదు. దోసె ఇద్దరికీ ఒకటి చెప్పండి, లోపలి ఆలుగడ్డ పల్యం (కూర) సగం మీ వైపు లాక్కోండి. బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌లో నిలబడి తినాలి, సాంబారు ఉండదు, చట్నీయే. అక్కడ ఉప్పు సంగతి ఆయనకు ముందే చెప్పండి, అక్కడికెళ్లాక చెప్పకండి. పదిమందిలో తండ్రికి బుద్ధి చెబితే చేదు తప్ప మిగిలేదేమీ ఉండదు.

ఈ దారికీ ఖర్చుంది. ఇన్ని ఏర్పాట్లు చేసి తీసుకెళ్లాక కూడా ఆయన "ఇది అది కాదు" అంటారు, ఖాయం. అప్పుడు మీ మనసు చివుక్కుమంటుంది. దానికి సిద్ధపడలేని నెల వెళ్లకండి. అలసిపోయి వెళ్లడం కన్నా వాయిదా వేయడం నయం.

గొడవ జరిగిన హోటల్‌కి ఇక ముఖం చూపించలేనని రాశారు. ఎప్పుడైనా ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఒక్కరే వెళ్లి, కౌంటర్లో "ఆ రోజు మా నాన్నగారికి ఒంట్లో బాగాలేదు, ఆ అబ్బాయికి చెప్పండి" అని ఒక్క మాటంటే సరిపోతుంది. మీకోసమైనా ఆ పని చేయండి.

అన్నయ్యతో వాదించకండి. మీరు రాసిన ఆయన మాట చాలా కటువు, దాన్ని సమర్థించను. కానీ అంత దూరాన ఉన్నవాడికి తెలిసేది భయమొక్కటే. ఆయనకో పని అప్పగించండి. మందుల జాబితా, వేళలు, గత మూడు రిపోర్టులు పంపి, వీడియోలో డాక్టరుతో మాట్లాడి ఏది ఎప్పుడు వేసుకోవాలో రాయించి పంపమనండి. హోటల్‌కి వెళ్లిన రోజు తినకముందు, తిన్న రెండు గంటల తర్వాత వచ్చిన రీడింగులు పంపండి. అంకెలు బాగుంటే ఆయన మెత్తబడతాడు. బాగాలేకపోతే, ఆ తిండి తగ్గించాల్సిందేనని మీరూ ఒప్పుకోవాలి.

చివరిగా మీరు "అదొక్కటీ మేలు" అన్న హోటల్. నాన్నగారు తాను బెంగళూరు వచ్చేనాటికే ఉన్న హోటళ్లను వరసగా రాసి, 1984లో మొదలైన నాగార్జునను వదిలేశారు. మీ ఉత్తరంలోనే ఉంది: అక్కడ ఆకు ముందు కూర్చుని గోంగూర పచ్చడి కలుపుకుని మొదటి ముద్ద తినగానే అమ్మ "ఊరికి పోయొచ్చినట్టుంది" అనేదని. మరిచిపోయి వదిలేసినట్టు నాకు అనిపించడం లేదు. మిగతా ఆరింటిలో అమ్మ ఆయన పక్కన కూర్చున్న మనిషి. అక్కడ మాత్రం ఆయనే అమ్మ వెంట వెళ్లిన మనిషి.

నా అనుమానం నిజమై ఆయన ముక్కు మందగించి ఉంటే, జాబితాలోని రవ్వ ఇడ్లీ నెయ్యి వాసన, కాఫీ హౌస్ కాఫీ, ఇవన్నీ ముక్కుతో తినేవి. ఎన్నిసార్లు వెళ్లినా "అది కాదు" అనే అంటారు. గోంగూర పులుపు నాలుకది. పచ్చిమిరప కారం మంట. పెరుగన్నం చల్లదనం, వేడి అన్నంలో కరుగుతున్న నెయ్యి జారుడు, అప్పడం విరగడం, వీటికి ముక్కు అక్కర్లేదు. ఆయనకు ఇంకా తెలిసే తిండి బెంగళూరులో ఎక్కడైనా ఉంటే, అది ఆయన కాగితం మీద రాయని చోటే ఉంది.

అందువల్ల అది తేలికైపోదు. అక్కడ రుచి నిజంగానే తెలిసిందంటే, అమ్మ లేదన్నదీ అదే ముద్దలో తెలుస్తుంది. ఆయన అక్కడ కూర్చుని ఏడవచ్చు. మీరూ ఏడవచ్చు. అది తట్టుకోగలమనిపిస్తే అడగండి. అనిపించకపోతే బయట మార్కెట్లో గోంగూర కట్ట తెచ్చి ఇంట్లోనే నూరండి, ఉప్పు మీ చేతిలో ఉంటుంది, బీపీకి అదీ మంచిది. పచ్చడి, పొడి, అప్పడం మూడింట్లోనూ ఉప్పే కాబట్టి హోటల్లోనైతే ఆకు మీద కొంచెమే వేయించుకోవాలి. మారు అన్నం దగ్గర ఆగాలి. కారం పడదన్నది మీరు అనుకున్నదా, ఆయన కడుపు చెప్పిందా, అది కూడా ఒకసారి కనుక్కోండి.

అడిగేటప్పుడు "నీ కోసం తీసుకెళ్తా" అనకండి. "నాన్నా, నాకు గోంగూర తినాలనుంది, తోడొస్తావా" అనండి. రానంటే ఆ నెలకు ఆ మాట వదిలేయండి. వస్తే మామూలు రోజున, పన్నెండు దాటగానే వెళ్లండి, ఆ వేళకు వరస తక్కువ. తిరిగొచ్చేటప్పుడు ఎక్కడైనా ఆయన బైటూ చెబితే చెప్పనివ్వండి. ఆ రెండో గ్లాసు మీరు తీసుకోవాలా అని మీరు అడగలేదు గానీ నేను ఆలోచించాను. ఆయన మీ వైపు జరిపితే తాగండి, కాఫీ అలవాటు లేకపోయినా. జరపకపోతే చల్లారనివ్వండి.

ఇదంతా మాత్రల వేళ గురించి డాక్టరుతో మాట్లాడాకే. ఈ సోమవారం ఫోన్ చేయండి.